97 అరెస్టులు, ఒక పడవ



ఇంగ్లండ్ తూర్పు తీరంలో క్లాక్టన్ అని ఒక చిన్న ఊరుంది. లండన్ తూర్పు పేటల్లోని కూలినాలి కుటుంబాల పిల్లలు సెలవులొస్తే రైలెక్కి, స్కూటరెక్కి అక్కడి బీచ్‌కి వెళ్లి వస్తుండేవారు. 1964 మార్చి 29, ఈస్టర్ ఆదివారం. ఆ రోజు చలి, పైగా వాన. ఎనభై ఏళ్లలో అంత చల్లని ఈస్టర్ లేదన్నారు. బేరాల్లేక దుకాణాలవాళ్లు చిరాకుగా ఉన్నారు. వచ్చిన కుర్రాళ్లకి తోచక విసుగ్గా ఉంది. ఏదో హోటల్లో తమవాళ్లకి టీ ఇవ్వనన్నారని ఒక పుకారు పుట్టింది. పేవ్‌మెంట్ల మీద తోపులాట మొదలైంది, రాళ్లు లేచాయి. మోటారు సైకిళ్లవాళ్లు, స్కూటర్లవాళ్లు రోడ్డు మీద అటూ ఇటూ రొద చేస్తూ తిరిగారు. కిటికీల అద్దాలు పగిలాయి, బీచ్‌లో కొన్ని చెక్క గదులు విరిగాయి. పరుగు పందేల్లో పేల్చే ఉత్తుత్తి పిస్తోలు ఒకటి ఎవడో గాల్లోకి పేల్చాడు. ఆ సెలవుల్లో మొత్తం 97 మందిని అరెస్టు చేశారు. జరిగిన నష్టం లెక్క కడితే సుమారు 500 పౌండ్లు.

మర్నాడు పొద్దున లండన్ పత్రికలు విప్పినవాళ్లకి వేరే క్లాక్టన్ కనిపించింది. స్కూటర్ మూకల బీభత్సం అని ఒక పత్రిక, సముద్రతీరం మీద దండయాత్ర అని ఇంకొకటి, కుర్రకారు ఊరిని చితకబాదారని మరొకటి. దాదాపు ప్రతి పెద్ద పత్రికకీ అదే మొదటి పేజీ. చదివినవాడు క్లాక్టన్‌లో ఇల్లూ వాకిలీ మిగల్లేదనుకోవాలి.

ఆ పత్రికలన్నీ కత్తిరించి దాచుకున్న ఒక యువకుడి గురించి ఈ పూట మీతో మాట్లాడాలనుకుంటున్నాను. ఆయన పేరు స్టాన్లీ కోహెన్. 1942లో దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో పుట్టాడు. క్లాక్టన్ గొడవకి ముందు ఏడాదే, 1963లో, లండన్ వచ్చాడు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేశాడు. ఆ పరిశోధనే 1972లో 'ఫోక్ డెవిల్స్ అండ్ మోరల్ ప్యానిక్స్' అనే పుస్తకంగా వచ్చింది. ఫోక్ డెవిల్స్ అంటే జనం దయ్యాలుగా చూసే మనుషులు, మోరల్ ప్యానిక్ అంటే వాళ్లని చూసి సమాజానికి పట్టే గాభరా. నేర శాస్త్రం చదివే విద్యార్థులు ఏ దేశంలో ఉన్నా ఇవాళ్టికీ ఆ పుస్తకం దగ్గర ఆగకుండా ముందుకి పోరు.

కోహెన్ చేసిన మొదటి పని చాలా సాదా పని. పత్రికలో అచ్చయిన ప్రతి మాటనీ జరిగినదానితో సరిచూశాడు. ఒక పడవ తిరగబడితే 'పడవలు తిరగబడ్డాయి' అని రాశారు. సముద్రం ఒడ్డునున్న డాన్సు హాళ్లన్నింటి అద్దాలూ పగిలాయని ఒక వార్త. వెళ్లి చూస్తే ఆ ఊళ్లో ఉన్నదే ఒక్క డాన్సు హాలు. అదీ ఒడ్డుకి కాస్త దూరంగా ఉంది, దానికి కొన్ని అద్దాలు పగిలిన మాట మాత్రం నిజం. ఒకే సంఘటన వరసగా రెండు మూడు రోజులు వేర్వేరు సంఘటనల్లాగా అచ్చయింది. హెడ్డింగులో హింస ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో చదివితే హింసేమీ జరగలేదని ఉంటుంది. తర్వాత రోజుల్లో ఒక పెద్ద దినపత్రిక సహాయ సంపాదకుడే, ఆ విషయం మోతాదు మించి రాశామని ఒప్పుకున్నాడు. కానీ అప్పటికే ఆ వార్తలు చెయ్యాల్సిన పని చేసేశాయి.

ఇంకో వార్త చెబుతాను. ఇది నన్ను చాలాకాలం వెంటాడింది. క్లాక్టన్ తర్వాత ఏడు వారాలకి, మే నెల సెలవుల్లో, బ్రైటన్ దగ్గర ఒక కుర్రాడు ఎత్తయిన కొండ అంచు మీద నుంచి జారి పడి చనిపోయాడు. అది ప్రమాదం. ఆ సాయంత్రం స్థానిక పత్రిక పెట్టిన హెడ్డింగు: సముద్రంలో 'మాడ్' శవం. మాడ్ అంటే స్కూటర్ల కుర్రాళ్లకి ఉన్న పేరు, మోటారు సైకిళ్లవాళ్లని రాకర్లు అనేవారు. ఆ చావుకీ వీధి గొడవలకీ సంబంధం లేదని పోలీసులు చెప్పిన మాట వార్త చివర్న ఎక్కడో ఉంది. కొడుకు పోయిన ఆ తల్లిదండ్రులు ఆ హెడ్డింగు చదివి ఉంటారు గదా. వాళ్ల పిల్లవాడు చనిపోయిన రోజున కూడా ఊరికి వాడు ఒక ముఠా మనిషి.

నిజానికి క్లాక్టన్‌లో మొదట గొడవ పడ్డది మాడ్లూ రాకర్లూ అని గీత గీసినట్టు విడిపోయినవాళ్లు కారు. స్థానిక కుర్రాళ్లకీ లండన్ నుంచి వచ్చినవాళ్లకీ మధ్య పుట్టిన తగాదా అది. రెండు సైన్యాలుగా వాళ్లని విడగొట్టి నిలబెట్టినవి పత్రికలు. ఆ తర్వాత కుర్రాళ్లు కూడా, తాము ఏ సైన్యమో పత్రిక చదివి తెలుసుకున్నారు. కోహెన్ చెప్పినవాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే మాట ఇదే. వార్త జరిగినదాన్ని పెంచి చెప్పడంతో ఆగదు. రేపు జరగబోయేదానికి వేషాలు కుట్టి సిద్ధం చేస్తుంది. వచ్చే సెలవుల్లో మళ్లీ ఏమవుతుందో అని పత్రికలు ముందే రాశాయి. చూద్దామని వేలమంది బీచ్‌లకి వచ్చారు. చూడ్డానికి వచ్చిన గుంపే గొడవగా కనిపించింది. ఏమీ జరగని చోట కూడా, భయపడినంతా జరగలేదు అని వార్త వేశారు. ఆ మాటలో కూడా భయమే ముందుంది.

ఇక్కడిదాకా పత్రికల కథ. కోహెన్ ఇక్కడితో ఆగిపోయి ఉంటే, పత్రికలు అతిగా రాస్తాయని చెప్పిన వందమందిలో ఆయన ఒకడయ్యేవాడు. ఆయన పోలీసు స్టేషన్ల దగ్గరికీ కోర్టులకీ వెళ్లాడు.

1964 మే 18, సోమవారం. మార్గేట్ అనే మరో బీచ్ ఊరి మెజిస్ట్రేటు కోర్టు. బెంచి మీద డాక్టర్ జార్జ్ సింప్సన్. ఎదురుగా ముందు రోజు పట్టుకొచ్చిన కుర్రాళ్లు వరసగా నిలబడ్డారు. వాళ్లని పొడుగు జుట్టు పోకిరీలన్నాడు, మతిస్థిమితం లేనివాళ్లన్నాడు, గుంపుగా ఉంటేనే ధైర్యం వచ్చే ఎలుకలతో పోల్చాడు. విలేకరుల బల్ల నిండుగా ఉంది, ఆ మాటలు మర్నాడు దేశమంతా అచ్చయ్యాయి. తీర్పు ముందున్న మనిషికి చెప్పినట్టు లేదు, బయటున్న దేశానికి చెప్పినట్టు ఉంది. ఆ బెంచి విధించిన జరిమానాల్లో 75 పౌండ్లవీ ఉన్నాయి. మార్గేట్‌లో శిక్ష పడినవాళ్లని ఆ ఏడాదే కలిసి ఆరా తీస్తే, వాళ్లకి సగటున వారానికి చేతికొచ్చే డబ్బు 11 పౌండ్లని తేలింది. అంటే 75 పౌండ్లు దాదాపు ఏడు వారాల కూలి.

అక్కడే ఒక కుర్రాడు, 75 పౌండ్లకి చెక్కు రాసిస్తాను అన్నాడు. ఆ ఒక్క మాట దేశాన్ని ఒక ఊపు ఊపింది. చూశారా, డబ్బు ఎక్కువై కళ్లు నెత్తికెక్కిన తరం అని సంపాదకీయాలు వచ్చాయి. చెక్కు అన్న ఆ మాట ఏళ్ల తరబడి ఉపన్యాసాల్లో వినిపించింది. కోహెన్ ఆరా తీస్తే, ఆ కుర్రాడికి బ్యాంకు ఖాతాయే లేదు. జన్మలో చెక్కు మీద సంతకం పెట్టలేదు. అందరి ముందూ అన్నేసి మాటలు పడి నిలబడ్డవాడు, తల దించకూడదని అన్న మాట అది. పదిహేడో పద్దెనిమిదో ఏళ్ల పిల్లల్ని ఇంట్లో పెంచినవాళ్లకి ఆ గొంతు ఎలా ఉంటుందో తెలుసు.

పోలీసుల సంగతి కూడా అలాగే నడిచింది. ఆగస్టులో హేస్టింగ్స్ ఊళ్లో గొడవ జరగవచ్చని లండన్ పోలీసుల్ని వైమానిక దళం విమానాల్లో దింపారు. స్కూటరు, కోటు, జుట్టు తీరు చూసి ఆపడం, వచ్చిన రైలుకే తిప్పి పంపడం మామూలైంది. బెయిలు ఇవ్వకుండా రిమాండుకి పంపడం దానికదే శిక్షలాగా వాడారు. నేరం రుజువయ్యేదాకా నిర్దోషి అనే సూత్రం అప్పుడూ పుస్తకాల్లో ఉంది. పోలీసులు ఎక్కువైనకొద్దీ అరెస్టులు ఎక్కువయ్యాయి. అరెస్టులు ఎక్కువైనకొద్దీ, చూశారా పరిస్థితి ఎలా దిగజారిందో అన్నారు. పార్లమెంటు ఊరుకోలేదు. హోం మంత్రి హెన్రీ బ్రూక్ హయాంలో, ఆ జూలై నెలలోనే, ఆస్తి నష్టానికి మెజిస్ట్రేట్లు వేయగల జరిమానా, పరిహారం పెంచుతూ చట్టం తెచ్చారు. 500 పౌండ్ల నష్టంతో మొదలైన సంగతి నాలుగు నెలల్లో చట్టమై కూర్చుంది.

ఇందులో నాకు ఊరట కలిగించే విషయం ఒకటుంది. కోహెన్ బ్రైటన్ ఒడ్డున నడుస్తున్న మామూలు జనాన్ని ఆపి అడిగాడు. వాళ్లలో చాలామంది పత్రికలంత గాభరా పడలేదు. పేపర్లో రాసినంత లేదండీ అని వాళ్లే అన్నారు. జనం వెర్రివాళ్లు, ఏది రాస్తే అది నమ్ముతారు అని మనలో చదువుకున్నవాళ్లు అనుకుంటుంటాం. అది నిజం కాదని ఆయన దగ్గరున్న కాగితాలే చెప్పాయి. కానీ చట్టం చేసేవాళ్లు, శిక్ష వేసేవాళ్లు ప్రజాభిప్రాయం అని పేరు పెట్టుకున్నది ఆ జనం మాటకి కాదు, మొదటి పేజీకి.

ఈ చుట్టు ఎలా తిరుగుతుందో, కోహెన్ పుస్తకం వచ్చిన ఆరేళ్ల తర్వాత ఇంకా పదునుగా చూపించినవాళ్లున్నారు. 1978లో స్టూవర్ట్ హాల్, ఆయన సహచరులు 'పోలీసింగ్ ద క్రైసిస్' అనే పుస్తకం తెచ్చారు. హాల్ జమైకాలో పుట్టి బర్మింగ్‌హామ్‌లో పనిచేసిన మేధావి. 1972, 73ల్లో బ్రిటన్‌లో దారిదోపిడీల మీద లేచిన గోలని వాళ్లు తవ్వారు. బర్మింగ్‌హామ్‌లోని హ్యాండ్స్‌వర్త్‌లో ఒక మనిషిని ముగ్గురు కుర్రాళ్లు తీవ్రంగా కొట్టి దోచుకున్నారు. దొరికింది 30 పెన్నీలు, తాళం చెవులు, ఐదు సిగరెట్లు. పదహారేళ్లవాడికి 20 ఏళ్లు, మిగతా ఇద్దరికి పదేళ్లేసి శిక్ష పడింది. ప్రజల్లో ఆగ్రహం ఉంది కాబట్టి కఠిన శిక్ష అని న్యాయమూర్తులు అంటారు. న్యాయమూర్తే అన్నాడు కాబట్టి ఇది పెద్ద ముప్పు అని పత్రిక రాస్తుంది. ఆ పత్రిక చూసి పోలీసులు ప్రత్యేక దళం పెడతారు. బావిలోకి వంగి అరిచినవాడికి తన గొంతే ఇంకెవరిదో అయి వినిపించినట్టు ఉంటుంది ఇది. నేర వార్తకి మొదటి మాట ఎప్పుడూ పోలీసుదో, కోర్టుదో, మంత్రిదో అవుతుందనీ, ఆ తర్వాత ఎవరు ఏం మాట్లాడినా ఆ మొదటి మాట గీసిన గిరిలోనే మాట్లాడాల్సి వస్తుందనీ హాల్ బృందం చూపించింది.

మన పత్రికల జిల్లా పేజీ ఎప్పుడూ చూసేవాళ్లకి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. ఆ ఫొటో మీకందరికీ తెలుసు. పొడవాటి బల్ల, దాని మీద రికవరీ చేసిన సెల్‌ఫోన్లు, నోట్ల కట్టలు, ఒకటో రెండో కత్తులు వరసగా పేర్చి ఉంటాయి. బల్ల వెనక అధికారులు కూర్చుంటారు, వాళ్ల వెనక ముఖాలకి నల్ల గుడ్డలో మంకీ టోపీలో తొడిగిన నలుగురు నిలబడతారు. కింద రాసేది: ఛేదించిన పోలీసులు. ఆ నలుగురి మాట ఆ వార్తలో ఒక్కటీ ఉండదు. వాళ్ల వకీలు మాట ఉండదు. అసలు చాలాసార్లు అప్పటికి వకీలే ఉండడు. పోలీసులు పత్రికలవాళ్లకి ఏం చెప్పాలి, ఎంతవరకూ చెప్పాలి అన్నదాని మీద పద్ధతులు రాయమని 2023 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కేంద్ర హోం శాఖని ఆదేశించింది. విచారణ మొదలుకాక ముందే మనిషి మీద దోషి ముద్ర పడకూడదన్నది అందులో సారాంశం.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. నేరాలు నిజంగా జరుగుతున్నాయి గదా, బాధితులు నిజం గదా, మీరు నిందితుల వైపే మాట్లాడతారేమిటి అని. ఈ ప్రశ్న న్యాయమైనదే. దీన్నుంచి కోహెన్ తప్పించుకోలేదు. గాభరా అంటే అక్కడ ఏమీ జరగలేదని అర్థం కాదని ఆయన పదేపదే చెప్పాల్సి వచ్చింది. క్లాక్టన్‌లో అద్దాలు పగిలాయి. హ్యాండ్స్‌వర్త్‌లో ఒక మనిషి ఒళ్లు హూనమైంది. మన దగ్గర 2019 నవంబర్ చివర్న శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం ఎంత నిజమో చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో ఆడపిల్లలున్న ఏ ఇంట్లోనూ నిద్ర లేదు. ఆ కోపం తప్పని ఎవరూ అనలేరు. కానీ ఆ కోపం ఎటు ప్రవహించిందో గుర్తు చేసుకోండి. డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురు నిందితుల్ని పోలీసులు చటాన్‌పల్లి దగ్గర కాల్చి చంపారు. పోలీసుల మీద జనం పూలు చల్లారు, టీవీల్లో రోజంతా అదే చూశాం. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ వి.ఎస్. సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగినది కాదనీ, చంపాలనే కాల్చారనీ, పదిమంది పోలీసుల మీద హత్య నేరం కింద విచారణ జరపాలనీ కమిషన్ చెప్పింది. ఆ నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లనీ చెప్పింది. పూలు చల్లిన రోజుకి ఎంత చోటు దొరికిందో, ఈ నివేదికకి ఎంత చోటు దొరికిందో పాత పేపర్లు తీసి చూస్తే మీకే తెలుస్తుంది. ఆ అమ్మాయికి జరగాల్సిన న్యాయం, ఒక కోర్టులో, సాక్ష్యాలతో, అందరూ వినేలా జరగాల్సిన న్యాయం, ఇక ఎప్పటికీ జరగదు. ఆ నలుగురూ నిజంగా దోషులే అయినా కాకపోయినా.

మన దగ్గర కోహెన్ కళ్లతో చూడాల్సిన మరో సంఘటన 2018 మే నెలది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు, ఎక్కడెక్కడివో శవాల ఫొటోలు, వీడియోలు తెలంగాణ, ఆంధ్ర ఊళ్లన్నీ చుట్టేశాయి. పార్థీ గ్యాంగ్ అన్నారు, ఉత్తరాది నుంచి వచ్చారన్నారు. భాష రానివాళ్లు, మతి చలించి తిరిగేవాళ్లు, అడుక్కునేవాళ్లు దెబ్బలు తిన్నారు, కొందరి ప్రాణాలు పోయాయి. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్‌ని మూక కొట్టి చంపింది. ఇక్కడ పత్రిక లేదు, సంపాదకుడు లేడు. మన చేతిలోని ఫోనే పత్రిక. తక్కినదంతా క్లాక్టన్ దారిలోనే నడిచింది. ముందు ఒక వేషం, ఆ వేషానికి సరిపోయేవాడి కోసం వెతుకులాట, దొరికినవాడి మీద దెబ్బ.

ఆ వేషం కూడా కొత్తది కాదు. పార్థీలు 1871 నాటి నేరస్థ తెగల చట్టం కింద బ్రిటిష్ సర్కారు పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టిన కులాల్లో ఒకరు. ఆ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి 1911లో వచ్చింది. మన ఎరుకలవాళ్లని బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి కాపలాలో పెట్టింది ఆ చట్టం అండతోనే. 1952లో చట్టం పోయింది. పేరు పోలేదు. మన సినిమాల్లో, సీరియల్ నవలల్లో, ఇంట్లో పిల్లల్ని బెదిరించే మాటల్లో అది ఇన్నేళ్లూ బతికే ఉంది. నూటయాభై ఏళ్ల కింద ఒక సర్కారు కాగితం మీద పుట్టిన దయ్యం వాట్సాప్‌లో లేచి వచ్చి మనుషుల్ని చంపింది.

అప్పట్లో జోగుళాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి చేసిన పని ఇక్కడ చెప్పుకోవాలి. ఎండాకాలంలో ఆరుబయట మంచాలేసుకుని పడుకునే పల్లె జనం ఆ ఏడాది తలుపులేసుకుని లోపల పడుకుంటున్నారని ఆమె సిబ్బంది గమనించి చెప్పారు. కేసు లేదు, ఫిర్యాదు లేదు. బయట మంచాలు లేకపోవడమే కబురు. ఊరికొక కానిస్టేబుల్‌ని పెట్టి, డప్పులతో, జానపదుల పాటలతో ఊరూరా తిరిగి, ఆ వీడియోలు ఇక్కడివి కావని చెప్పించారు. ఆ రెండు జిల్లాల్లో ఆ పుకార్లకి ఒక్క ప్రాణం పోలేదు. కోహెన్ పుస్తకంలో పోలీసులు గాభరాని పెంచేవాళ్లు. ఇక్కడ దాన్ని దించినవాళ్లు పోలీసులే. సిద్ధాంతం దగ్గరే ఆగిపోకుండా ఇలాంటివి కూడా మనం రాసుకోవాలి, చదువుకోవాలి.

ఇక కోహెన్ జీవితంలో రెండో సగం. దాన్ని వదిలేస్తే మొదటి సగం తప్పుగా అర్థమవుతుంది.

ఆయన 1980లో భార్యాపిల్లలతో జెరూసలేం వెళ్లి హీబ్రూ యూనివర్సిటీలో నేర శాస్త్రం చెప్పాడు. తర్వాత పాలస్తీనా తిరుగుబాటు రోజులు వచ్చాయి. ఇంటరాగేషన్ గదుల్లో పాలస్తీనా ఖైదీలని చిత్రహింసలు పెడుతున్నారని, బెత్సెలెమ్ అనే మానవ హక్కుల సంస్థ కోసం దఫ్నా గోలన్‌తో కలిసి 1991లో నివేదిక రాశాడు. ఇంగ్లండ్‌లో ఒక పడవ తిరగబడితే దేశం ఊగిపోవడం చూసిన మనిషి. ఇక్కడ మనుషుల ఒంటి మీద గాయాలు చూపిస్తే, చుట్టూ ఉన్న మంచివాళ్లు, చదువుకున్నవాళ్లు చూపు తిప్పుకున్నారు. అలా జరగలేదన్నారు కొందరు. జరిగింది కానీ దాన్ని చిత్రహింస అనకూడదన్నారు ఇంకొందరు. జరిగితే మాత్రం ఏం చేస్తాం, తప్పదు గదా అన్నారు మరికొందరు. ఈ మూడు రకాల తప్పించుకోవడాన్నీ విప్పి చూపిస్తూ 2001లో 'స్టేట్స్ ఆఫ్ డినయల్' అనే పుస్తకం రాశాడు. అప్పటికి మళ్లీ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి వచ్చేశాడు.

ఆ పుస్తకం ముందుమాటలో తన చిన్ననాటి సంగతి ఒకటి చెప్పాడు. జొహానెస్‌బర్గ్‌లో చలికాలం రాత్రి. పన్నెండో పదమూడో ఏళ్ల పిల్లవాడు వెచ్చటి పక్క ఎక్కబోయే ముందు కిటికీలోంచి చూశాడు. వాళ్ల ఇంటికి కాపలా ఉన్న నల్లజాతి ముసలాయన కోటు కాలరు పైకి లాక్కుని బొగ్గుల కుంపటి మీద చేతులు కాచుకుంటున్నాడు. నేనెందుకు ఇక్కడున్నాను, ఆయనెందుకు అక్కడున్నాడు అన్న ప్రశ్న ఆ పిల్లవాడికి ఆ రాత్రి పుట్టింది. ఇంట్లో మిగతావాళ్లు కూడా ఆ ముసలాయన్ని రోజూ చూస్తూనే ఉన్నారు. అందరూ చూసేది ఎవరికీ కనపడకుండా ఎలా ఉంటుంది అన్నదే ఆ తర్వాత నలభై ఏళ్ల పనికి మూలం.

అందుకే నా వాదన ఇది. కోహెన్‌ని పత్రికలు గోరంతలు కొండంతలు చేస్తాయని చెప్పిన మనిషిగా మాత్రమే గుర్తుపెట్టుకుంటే ఆయన్ని సగానికి కోసేసినట్టే. ఇవాళ మోరల్ ప్యానిక్ అనే మాట చాలా దేశాల్లో నాయకులకి ఊతపదమైంది. తమకి ఇబ్బంది కలిగించే ఏ ఫిర్యాదునైనా, అదంతా అనవసరపు గాభరా అని కొట్టిపారెయ్యడానికి వాడుతున్నారు.  పుస్తకం మూడో ముద్రణకి 2002లో రాసిన కొత్త పీఠికలో ఆయన దీన్ని నేరుగా ఎత్తుకున్నాడు. మాడ్ల మీద, రాకర్ల మీద అంత తేలిగ్గా లేచిన ఆ గాభరాని, నిజంగా దాచిపెట్టిన ఘోరాల మీద కావాలని లేపగలమా అని అడిగాడు. తన మొదటి పుస్తకానికి తనే ఎదురు నిలబడి అడిగిన ప్రశ్న అది. పేరున్న పండితుల్లో అంత సాహసం అరుదు. ఆయన 2013 జనవరిలో లండన్‌లో కన్నుమూశారు.

ఆ ప్రశ్నని మన దగ్గరికి తెచ్చుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది జైలు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. ఎప్పుడో ఒకరోజు ఆ బల్ల వెనక ముఖానికి గుడ్డ కట్టుకుని నిలబడ్డవాళ్లు వీళ్లలో ఎంతమందో. పట్టుబడ్డ రోజున జిల్లా పేజీలో నాలుగు కాలాల ఫొటో. ఆ తర్వాత వాయిదా మీద వాయిదా. జామీను కట్టేవాళ్లు లేక బెయిలు వచ్చినా లోపలే ఉండిపోయేవాళ్లున్నారు. పుష్కరానికి ఒకసారి ఎవరో సుప్రీంకోర్టు దాకా వెళితే గానీ వీళ్ల పేరు ఎత్తేవాళ్లు లేరు. దీని మీద మనకి గాభరా లేదు. చర్చా కార్యక్రమం లేదు, కొవ్వొత్తుల ర్యాలీ లేదు.

పత్రికల్లో, టీవీల్లో పనిచేసే మిత్రులు ఈ ప్రసంగం వింటుంటే వాళ్లని ఒకటి అడుగుతాను. మీ జిల్లా పేజీలో అరెస్టు ఫొటోగా వచ్చిన కేసులు ఐదేళ్ల కిందటివి ఓ పది తియ్యండి. కోర్టులో అవి ఏమయ్యాయో వెళ్లి కనుక్కోండి. కేసు కొట్టేసినవాళ్లు ఉంటే, ఆ రోజు అరెస్టు వార్త ఏ పేజీలో, ఎన్ని కాలాల్లో వేశారో, ఇది కూడా ఆ పేజీలోనే, అన్ని కాలాల్లోనూ వెయ్యండి. కోర్టు రిజిస్టర్లు తెరిచే ఉంటాయి. పేష్కారుని అడిగితే నంబరు చెబుతాడు.